బండికి కందెన

నా బాల్యమున మా యింట ఒక ఎడ్లబండి యుండెడిది. ధాన్యము తోలుటకు ముందునాటి సాయంకాలము మా తాతగారు బండి చక్రములను ఊడదీయించి, ఇరుసునకు కందెన పెట్టించెడివారు. వరిగడ్డిని కాల్చగా వచ్చిన మసిని ఆముదముతో కలిపి చేసిన నల్లని ముద్దయే ఆ కందెన. దానిని ఒక వెదురు గొట్టములో నింపి బండి క్రింద వ్రేలాడగట్టెడివారు. ఎంత తొందర పనియున్నను కందెన పెట్టనిదే బండి కదలరాదని వారి కట్టడి. “ఎద్దునకు ఆకలియైనచో అరచి చెప్పును. ఇరుసునకు కందెన లేకున్నచో మొదట కిఱ్ఱుమని చెప్పును, వినకపోయినచో విఱిగి చెప్పును” అని వారు పాలేరులతో అనుచుండెడివారు. ఇరుసు, కందెన అను మాటలు మన సుమతీ శతకమునందు కూడ కానవచ్చును. దీనిని బట్టి కందెన విలువ మనవారికి ఎంత కాలము నుండి తెలియునో ఊహింపవచ్చును.

ఇప్పుడు ఎడ్లబండ్లు అరుదైనవి. పల్లెలలో సైతము పెక్కు ఇండ్ల ముంగిట మోటారు సైకిలు నిలిచియున్నది. రైతు పొలమునకు పోవుటకు, పాలవాడు పట్టణమునకు పాలు చేర్చుటకు, తల్లిదండ్రులు బిడ్డలను బడికి తీసికొనిపోవుటకు అదియే ఆధారము. ఈ బండికి పెట్రోలు మేత వంటిది. ఇంజనులోని ఆయిలు కందెన వంటిది. పెట్రోలు అయిపోయినచో బండి వెంటనే నిలిచిపోవును గనుక దానిని ఎవరును మఱువరు. ఆయిలు తగ్గినను, పాతదైనను బండి కొంతకాలము యథాప్రకారముగనే నడచును. అందువలననే చాలమంది దానిని మఱతురు. అట్లు మఱచినవారిలో నేనును ఒకడను.

అది 1994వ సంవత్సరము, మార్చి మాసము. అప్పుడు నేనొక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా ఉంటిని. పదవ తరగతి పరీక్షలకు పర్యవేక్షకుడుగా పదునెనిమిది కిలోమీటర్ల దూరమున నున్న పట్టణమునకు పోవలసియుండెను. నా యొద్ద మూడేండ్ల క్రిందట కొన్న నూరు సి.సి. మోటారు సైకిలు కలదు. దానిని ప్రతిదినము తుడిచి అద్దమువలె ఉంచుకొనెడివాడను. గణిత పరీక్షనాటి ఉదయము ఊరి చివర మా పాఠశాల విద్యార్థి యొకడు బస్సు తప్పిపోయి ఏడుపుముఖముతో నిలిచియుండెను. వానిని వెనుక ఎక్కించుకొని బయలుదేరితిని.

ఏడు కిలోమీటర్లు పోవుసరికి ఇంజనునుండి ఏదో కొత్త శబ్దము వినవచ్చినది. కాల్చిన లోహపు వాసన కొట్టినది. ఆలస్యమగునను భయముచే నేను దానిని లెక్కచేయలేదు. మఱుక్షణమే ఇంజను గట్టిగా పట్టివేసినది. వెనుక చక్రము తిరుగుట మాని రోడ్డుపై ఈడ్చుకొనిపోసాగినది. అదృష్టవశమున చేయి క్లచ్చి మీదనే యుండుటచే దానిని నొక్కితిని. చక్రము విడివడినది. బండిని మెల్లగా రోడ్డు ప్రక్కకు చేర్చగలిగితిని. ఎదురుగా ఏ లారీయైన వచ్చుచుండినచో ఏమగునో తలచుకొన్న నేటికిని నా గుండె దడదడలాడును.

చివర కొక పాలవ్యాను మమ్ములను ఎక్కించుకొన్నది. ఆ బాలుడు ఇరువది నిమిషములు ఆలస్యముగా పరీక్షకు కూర్చుండెను. అతడు ఉత్తీర్ణుడయ్యెను. కాని “చివరి లెక్క నాకు వచ్చునండీ, సమయము చాలలేదు” అని తరువాత అతడు చెప్పిన మాట నా చెవిలో ఇప్పటికిని ఉన్నది. అతడు నన్ను నిందించలేదు. నిందించినచో కొంత తేలికగా ఉండెడిదేమో!

మఱునాడు ఒక వృద్ధ మెకానిక్కు ఆ ఇంజనును విప్పి నాకు చూపెను. పిస్టను ప్రక్కలు గీతలుపడి, ఒకచోట కరగి అంటుకొనినట్లుండెను. అడుగున ఆయిలు ఒక గ్లాసెడు కూడ లేదు. ఉన్నది తారువలె నుండెను. “మాస్టారూ, బండి పైభాగము ఇంత శుభ్రముగా ఉంచినారు. లోపలికి ఒక్కనాడైనను చూడలేదా?” అని ఆయన మర్యాదగనే అడిగెను. నాకు తల ఎత్తుటకు ముఖము చెల్లలేదు. ఆ మరమ్మతునకు నా నెల జీతములో సగము ఖర్చయ్యెను. ఆయిలు మార్చియున్నచో అందులో చిన్న పాలు సరిపోయెడిది. ఆనాడే నేనాయన యొద్ద కూర్చుండి ఆయిలు మార్చు విధానము నేర్చుకొంటిని. నాటినుండి నేటివరకు మా యింటి బండికి ఆ పని నేనే చేయుచున్నాను. ఆ నేర్చిన సంగతులనే మీకు చెప్పదలచితిని.

మొదట ఇంజనులో ఆయిలు ఏమి చేయునో తెలిసికొందము. ఇంజనులో ఒక గుండ్రని గొట్టము, అందులో పైకిని క్రిందికిని కదలాడు పిస్టను ఉండును. నూరు సి.సి. ఇంజనులో పిస్టను ఒక మారు ప్రయాణించు దూరము సుమారు 5 సెంటీమీటర్లు. పైకి పోయి క్రిందికి వచ్చిన 10 సెంటీమీటర్లు. బండి మామూలు వేగమున పోవుచున్నప్పుడు ఇది నిమిషమునకు సుమారు 5000 మారులు జరుగును. లెక్కవేసి చూడుడు: ఒక్క నిమిషములో పిస్టను ఆ గొట్టములోనే అర కిలోమీటరు పరుగిడుచున్నది! ఇనుము, అల్యూమినియము అంత వేగముగా ఒకదానినొకటి రాచుకొన్నచో కొద్ది నిమిషములలోనే అవి కాలి అంటుకొనిపోవును. అట్లు జరుగకుండ వాని నడుమ తలవెండ్రుక కంటె పలుచని ఆయిలు పొర నిలిచి రెండింటిని వేరుచేయుచున్నది.

ఇంత పలుచని పొర అంత బరువును ఎట్లు మోయగలదు? ఈ విషయము ఇంగ్లండులో బోషాంపు టవర్ అను ఇంజనీరు చేసిన ప్రయోగములలో బయటపడినది. రైలుబండి ఇరుసుల వంటి వాటికి కందెన ఎట్లు పనిచేయునో ఆయన పరిశీలించుచుండెను. ఇరుసు తిరుగు బేరింగు పైభాగమున నూనె పోయుటకు ఒక రంధ్రము తొలిపించెను. ఇరుసు తిరుగుచుండగా నూనె లోపలికి పోవుటకు మారుగా ఆ రంధ్రమునుండి పైకి ఉబికి వచ్చెను! బిరడా బిగించినచో ఆ బిరడానే పైకి నెట్టివేసెను. తిరుగుచున్న ఇరుసు నూనెను తనతో లాగుకొనిపోయి ఇరుకైన సందులోనికి నెట్టుచున్నదనియు, అందువలన నూనెలో గొప్ప పీడనము పుట్టి బరువును ఎత్తి నిలుపుచున్నదనియు ఇందువలన తేలినది. టవర్ ఈ సంగతులను 1883లో ప్రకటించెను. 1886లో ఆస్‌బర్న్ రెనాల్డ్సు అను శాస్త్రజ్ఞుడు దీనికి గణిత సూత్రములను కూర్చెను. అనగా యంత్రము సరిగా తిరుగుచున్నప్పుడు లోహము లోహము మీద కాదు, నూనె మీద తేలుచున్నదన్నమాట.

ఒరపిడి తగ్గించుట ఒక్కటియే ఆయిలు పని కాదు. అది ఇంజను లోపలి వేడిని మోసికొనిపోవును. మసిని, సన్నని లోహపు పొడిని తనలో కలుపుకొని భాగములను కడుగును. తుప్పు పట్టనీయదు. పిస్టనుకును గొట్టమునకును నడుమ నున్న సందును మూసి, మండిన వాయువులు క్రిందికి జారకుండ చూచును. మన దేశమున తిరుగు నాలుగు స్ట్రోకుల మోటారు సైకిళ్ళలో సాధారణముగా ఇంజనునకు, గేర్లకు, క్లచ్చికి అన్నిటికిని ఒకే ఆయిలు. ఒక సేవకుడే ఇన్ని పనులు చేయుచున్నాడు. అట్టివాడు అలసిపోవుట వింత కాదు.

ఆయిలు అలయుట యనగా నేమి? వేడికి అది గాలిలోని ఆక్సిజనుతో కలిసి క్రమముగా చిక్కబడి జిగురగును. గేర్ల పండ్ల నడుమ నలిగి దాని చిక్కదనమునకు కారణమైన అణువులు తెగిపోవును. అందు కలిపిన రక్షక పదార్థములు ఖర్చగును. పెట్రోలు, నీటి ఆవిరి కొంత కొంత చేరును. చిన్న చిన్న దూరములు మాత్రమే తిరుగు బండిలో ఇంజను పూర్తిగా వేడెక్కదు గనుక ఆ నీరు ఆవిరైపోక నిలిచిపోవును. అందుచేత బండి ఎక్కువ తిరుగకున్నను ఆయిలు పాతబడును.

మా మనుమడు మీవలెనే ఎనిమిదవ తరగతి చదువుచున్నాడు. కడపటి మారు ఆయిలు మార్చునప్పుడు వాడు, “తాతయ్యా! ఆయిలు నల్లబడినది గదా, చెడిపోయినట్లేనా?” అని అడిగెను. మంచి ప్రశ్న. ఆయిలు కొద్ది రోజులకే నల్లబడును. మసిని తనలోనికి తీసికొనుచున్నదనుటకు అది గుర్తు. కావున రంగును మాత్రమే చూచి నిర్ణయింపరాదు. బండితో పాటు ఇచ్చు పుస్తకములో ఎన్ని కిలోమీటర్లకు, ఎన్ని నెలలకు మార్చవలెనో వ్రాసియుండును. కొన్నిటికి 3000 కిలోమీటర్లకు, కొన్నిటికి 6000 కిలోమీటర్లకు మార్చవలెను. కొత్త బండికి మొదటి మార్పు చాల ముందుగనే ఉండును. ఏలయనగా కొత్త భాగములు ఒరసికొని సర్దుకొనునప్పుడు లోహపు పొడి అధికముగా రాలును. ఆ పుస్తకమును పెట్టెలో దాచక చదువవలెను.

ఆయిలు కొనునప్పుడు డబ్బాపై నున్న గుర్తులను చూడవలెను. 10 డబ్ల్యు 30, 20 డబ్ల్యు 40 అను అంకెలు చిక్కదనమును తెలుపును. ‘డబ్ల్యు’ అను అక్షరము శీతకాలమునకు గుర్తు. దాని ముందున్న అంకె చలిలో ఆయిలు ఎంత సులువుగా పాఱునో చెప్పును. వెనుకనున్న అంకె ఇంజను వేడెక్కినప్పటి చిక్కదనమును చెప్పును. ‘జాసో ఎమ్ఏ’ లేక ‘ఎమ్ఏ 2’ అను గుర్తు మఱొకటి. తడి క్లచ్చి గల మోటారు సైకిళ్ళకు తగినదని దాని అర్థము. కారులకు తయారుచేసిన కొన్ని ఆయిళ్ళలో ఒరపిడిని మఱింత తగ్గించు పదార్థములుండును. అట్టివి మోటారు సైకిలులో పోసినచో క్లచ్చి జారును. ఖరీదైనదెల్ల మంచిది కాదు, తగినదియే మంచిది.

ఇక పని ప్రారంభింతము. కాని ఒక షరతు కలదు. మీరు చిన్నవారు. బండి నడుపుటకు మీకింకను వయస్సు రాలేదు. ఈ పనిని పెద్దవారితో కలిసి, వారు చెప్పినట్లు చేయవలెనే గాని ఒంటరిగా చేయరాదు.

కావలసిన వస్తువులు కొలదియే: బోల్టు తలకు సరిగా సరిపోవు రింగు పానా, వెడల్పైన పాత బేసిను, గరాటు, గుడ్డపేలికలు, చేతి తొడుగులు, కొత్త వాషరు, పుస్తకములో చెప్పిన కొత్త ఆయిలు. ఫిల్టరు మార్చు కాలమైనచో కొత్త ఫిల్టరు కూడ తెచ్చుకొనవలెను.

బండిని చదునైన నేలపై, గాలి వీచు చోట నిలుపవలెను. ఇంజనును రెండు మూడు నిమిషములు నడిపి ఆపవలెను. గోరువెచ్చనైన ఆయిలు పలుచబడి, అడుగున పేరిన మడ్డిని కూడ తీసికొని సులువుగా జారును. మూసిన గదిలో మాత్రము ఇంజనును నడుపరాదు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు ఉండును. దానికి రంగు లేదు, వాసన లేదు, ప్రాణము తీయగలదు. దూరప్రయాణము చేసి వచ్చిన వెంటనే కూడ ఈ పని పెట్టుకొనరాదు. అప్పుడు ఆయిలును పొగగొట్టమును ఒడలు కాల్చునంత వేడిగా ఉండును.

తరువాత బండిని సెంటరు స్టాండుపై నిలిపి, ఇంజను క్రింద బేసిను నుంచవలెను. పై మూతను వదులుచేయవలెను. అప్పుడు గాలి లోపలికి పోయి ఆయిలు ధారగా దిగును. అడుగున నున్న బోల్టును పానాతో వదులుచేసి, చివరి చుట్లు చేతితో త్రిప్పి తీయవలెను. ఆయిలు మొదట ధారగాను, తరువాత చుక్కలు చుక్కలుగాను పడును. ఇక్కడ తొందరపడరాదు. పది పదునైదు నిమిషములు వేచియుండవలెను. ఆ సమయమున బేసినులోని ఆయిలును పరీక్షింపుడు. అది ఇంజను మనకు వ్రాసిన ఉత్తరము వంటిది. పాలవలె తెల్లగా నున్నచో నీరు చేరినదని అర్థము. లోహపు రేకులు, ముక్కలు కానవచ్చినచో లోపల ఏదో అరగిపోవుచున్నదని అర్థము. అప్పుడు మెకానిక్కునకు చూపవలెను.

బోల్టును, అది కూర్చుండు చోటును శుభ్రముగా తుడిచి, కొత్త వాషరు వేసి బిగింపవలెను. ఈ పనిలో ఎక్కువమంది పొరపడునది ఇక్కడనే. బోల్టు ఉక్కుది, ఇంజను అడుగుభాగము అల్యూమినియముది. ఉక్కు గట్టిది, అల్యూమినియము మెత్తనిది. బోల్టును వంకరగా పెట్టి పానాతో బలముగా త్రిప్పినచో అల్యూమినియములోని మరలు తెగిపోవును. కావున మొదటి చుట్లు పానా లేక వ్రేళ్ళతోనే త్రిప్పవలెను. సులువుగా ఎక్కనిచో వెనుకకు తీసి మఱల పెట్టవలెను. వాషరు నేలకు తాకిన పిమ్మట పానాతో మితముగా బిగింపవలెను. బిగువును కొలుచు టార్కు పానా ఉన్నచో పుస్తకములోని అంకెకు సరిగా బిగింపవచ్చును. చాలని బిగువు వలన ఆయిలు కారిపోవును. మించిన బిగువు వలన ఇంజనే పాడగును.

ఇప్పుడు గరాటుతో కొత్త ఆయిలు పోయవలెను. నూరు సి.సి. బండ్లలో పెక్కింటికి సుమారు ఒక లీటరు లేక అంతకు కొంచెము తక్కువ పట్టును. సరియైన కొలత పుస్తకములో ఉండును. మొదట కొంచెము తక్కువగా పోసి, మూత బిగించి, ఇంజనును రెండు మూడు నిమిషములు నడిపి ఆపి, మఱి రెండు మూడు నిమిషములు ఆగి, కొలపుల్లను తీసి తుడిచి ముంచి చూడవలెను. ఆయిలు రెండు గీతల నడుమ నుండవలెను. తక్కువైన కొంచెము కొంచెముగా చేర్చవలెను. పై గీతను దాటరాదు. ఎక్కువైన ఆయిలు తిరుగు భాగములచే చిలుకబడి నురుగెత్తును. నురుగు బరువును మోయలేదు. పిమ్మట బండి క్రిందికి వంగి, బోల్టు చుట్టును చెమ్మ యున్నదేమో చూడవలెను. రెండు మార్పుల నడుమ కూడ అప్పుడప్పుడు ఈ కొలపుల్లను చూచుచుండవలెను. ఆ చూపునకు పట్టునది ఒక్క నిమిషము. 1994లో నేను వెచ్చింపని ఆ ఒక్క నిమిషమే ఆ బాలుని ఇరువది నిమిషములను హరించినది.

బండిలో మఱికొన్ని ద్రవములు కూడ కలవు. డిస్కు బ్రేకులున్న బండిలో హ్యాండిలు మీద చిన్న డబ్బా యొకటి యుండును. అందున్నది బ్రేకు ద్రవము. మూసిన ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అన్ని దిక్కులకును సమానముగా వ్యాపించునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ పదునేడవ శతాబ్దమున చెప్పిన సూత్రమే దీనికి ఆధారము. మన వ్రేళ్ళు నొక్కిన పీడనమును ఈ ద్రవము చక్రము వద్దకు చేర్చి, డిస్కును పట్టి ఆపును.

ఈ ద్రవమునకు ఒక లోపము కలదు. అది గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 4 రకపు కొత్త ద్రవము 230 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగరాదని నియమము. తేమ చేరిన పిమ్మట ఆ హద్దు 155 డిగ్రీలకు దిగిపోవును. తిరుమల కొండ నుండి గాని, శ్రీశైలపు కనుమదారిలో గాని మాటిమాటికి బ్రేకు నొక్కుచు దిగునప్పుడు బ్రేకులు మిక్కిలి వేడెక్కును. తేమ చేరిన ద్రవము మరిగి ఆవిరి బుడగలు పుట్టినచో మన బలము ఆ బుడగలను నొక్కుటకే సరిపోవును, చక్రము ఆగదు. అందువలన ఈ ద్రవమును సాధారణముగా రెండేండ్ల కొకమారు మార్పవలెనని చెప్పుదురు. మూత తీసి చాలకాలముంచిన పాత సీసాలోని ద్రవమును వాడరాదు. పుస్తకములో చెప్పిన రకమునే పోయవలెను. అది రంగుపై పడినచో రంగు లేచిపోవును. వెంటనే నీటితో కడుగవలెను. ద్రవపు మట్టమును, రంగును మీరు చూడవచ్చును. మార్చు పనిని మాత్రము తెలిసినవారికే విడువుడు. గొట్టములో ఒక్క గాలి బుడగ నిలిచినను బ్రేకు పనిచేయకపోవచ్చును. తీగతోను కడ్డీతోను పనిచేయు డ్రమ్ము బ్రేకులకు ఈ ద్రవముతో పనిలేదు.

కొన్ని పెద్ద బండ్లలో ఇంజనును చల్లబఱచుటకు కూలెంటు అను ద్రవముండును. దానికి బదులు బోరు నీరు పోసినచో లోపల సున్నపు పొర కట్టును, తుప్పు పట్టును. ఇంజను వేడిగా నున్నప్పుడు రేడియేటరు మూతను ఎన్నడును తీయరాదు. మరుగు నీరు ముఖముపైకి చిమ్మును. కూలెంటులో సామాన్యముగా ఉండు ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండును, కాని విషము. నేలపై ఒలికినచో కుక్కలును పిల్లలును ముట్టకుండ వెంటనే శుభ్రము చేయవలెను.

పని ముగిసినది. బేసినులో పాత ఆయిలు మిగిలినది. దీని నేమి చేయవలెను? కాలువలో పాఱబోయుదురు కొందఱు. చెదలు పట్టకుండునని దూలములకు పూయుదురు మఱికొందఱు. రెండును తప్పే. వాడిన ఆయిలులో హానికరములైన లోహములు, మసి పదార్థములు చేరియుండును. చర్మమునకు మాటిమాటికి తగులుట కూడ మంచిది కాదు. కాలువలో పడినచో అది నీటిపై పలుచని పొరగా పఱచుకొని నీటికి గాలి తగులనీయదు. చేపలకును, పొలమునకును, చివరకు మనకును కీడు చేయును. మన దేశపు 2016వ సంవత్సరపు నియమములలో వాడిన ఆయిలు ప్రమాదకర వ్యర్థములలో చేర్చబడినది. కావున దానిని మూతగల డబ్బాలో పోసి, నీరు గాని పెట్రోలు గాని కలుపక, పాత ఆయిలు సేకరించు వర్క్‌షాపునకు అప్పగింపవలెను. శుద్ధి చేసినచో అది మఱల నూనెగా ఉపయోగపడును.

చివరి పని యొకటి కలదు. చేతులు సబ్బుతో కడుగుకొని, ఒక నోటు పుస్తకములో తేది, అప్పటి కిలోమీటర్ల అంకె, పోసిన ఆయిలు రకము, మఱల ఎప్పుడు మార్పవలెనో ఆ అంకె వ్రాసికొనవలెను. మన జ్ఞాపకశక్తి మీద మనకు నమ్మకము మెండు. నా బండి చెడినది ఆ నమ్మకము వలననే. అట్టి పుస్తకమొకటి మా యింటి గోడకు ముప్పది యేండ్లుగా వ్రేలాడుచున్నది. బండ్లు మారినవి, పుస్తకము మాత్రము మారలేదు. ఇప్పుడందు మా మనుమడు అంకెలు వేయుచున్నాడు.

ఒకనాడు వాడు మొదటి పుట త్రిప్పి చూచి, “తాతయ్యా! ఇక్కడ తేది మాత్రమే ఉన్నది. కిలోమీటర్లు వ్రాయలేదేమి?” అని అడిగెను. అది 1994లో గణిత పరీక్ష జరిగిన నాటి తేది. వానిని దగ్గర కూర్చుండబెట్టుకొని, మీకు చెప్పిన ఈ కథయంతయు చెప్పితిని. వాడు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట లేచి, ముంగిట నున్న బండి యొద్దకు పోయి, “తాతయ్యా, కొలపుల్ల తీసి చూతమా?” అనెను.